ఇంటిపేరుకు గడి లేదు: ఓడ జాబితాల్లో కడప, కర్నూలు పంక్తుల పఠనం

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి ఒప్పందకూలీలను తీసుకొని నటాల్ రేవు చేరింది. ఆ రేవే నేటి డర్బన్. అప్పటి నుంచి 1911 వరకు 384 ఓడప్రయాణాల్లో 1,52,184 మంది భారతీయులు అక్కడ దిగినట్లు లెక్క తేలింది. ఇంత ఖచ్చితమైన లెక్క దొరకడానికి కారణం ప్రతి ఓడకూ ఒక జాబితా, ఆ జాబితాలో ప్రతి మనిషికీ ఒక పంక్తి ఉండడం. వరుస సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయసు, లింగం, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు, పనికి కుదిరిన యజమాని: ఆ పంక్తిలోని గడులు ఇవి. దక్షిణాఫ్రికాలోని తెలుగు కుటుంబంవారు తమ ముత్తాత ఊరు వెతకాలనుకుంటే మొదట చేరవలసింది ఈ పంక్తి దగ్గరికే. మారిషస్‌లో మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరిచిన వలస పత్రాలు, ఫిజీలో సువాలోని జాతీయ పత్రాగారంలో ఉన్న వలస అనుమతిపత్రాలు కూడా ఈ జాతివే.

వీటిని ఇంతవరకు ప్రధానంగా చదివినవారు చరిత్రకారులు. సురేంద్ర భానా 1991లో ప్రచురించిన అధ్యయనం పూర్తిగా నటాల్ ఓడ జాబితాల మీద ఆధారపడింది. 1860-1902 మధ్య చేరిన దాదాపు 95 వేల మంది వివరాలను వర్గీకరించింది. అంతకుముందు 1983లో బ్రిజ్ లాల్ తన ‘గిర్మిటియాస్’ గ్రంథంలో ఫిజీకి వెళ్లిన 45,439 మంది ఉత్తర భారతీయుల అనుమతిపత్రాలను ఇదే తీరున లెక్కించాడు. రెండూ పునాది వంటి గ్రంథాలే. అయితే లెక్కకు లొంగేవి జిల్లా, కులం, వయసు, లింగం వంటి గడులు మాత్రమే. పేరు లెక్కకు లొంగదు, అందుచేత పట్టికలో దానికి చోటుండదు. తన మనిషిని వెతుక్కునేవాడికి కావలసింది సరిగ్గా ఆ వదిలివేసిన గడి. పైగా 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీ వెళ్లిన సుమారు 15 వేల మంది బ్రిజ్ లాల్ పరిధిలోకి రాలేదు. మన తెలుగువారు ఉన్నది ఆ మిగిలిపోయిన కట్టలోనే.

ఓడ జాబితాలోని కడప, కర్నూలు పంక్తులను తెలుగు నామశాస్త్రం, మాండలిక జ్ఞానం లేకుండా చదివితే, దొరికిన పూర్వీకుడు తరచు మరొకరి పూర్వీకుడు అవుతాడు. ఈ వ్యాసం నిరూపించదలచినది ఇదే. ఇది చరిత్ర శాఖకు వదిలివేయదగిన పని కాదు. మాటను చదవడం వచ్చినవారు చేయవలసిన పని.

కడప, కర్నూలు అనే పరిమితికి కారణం చెప్పాలి. తెలుగువారి సముద్రయానం అనగానే కోరంగి, కాకినాడ, విశాఖపట్నం గుర్తుకొస్తాయి. మారిషస్‌లో తెలుగువారికి రేవును బట్టి ‘కోరింగీలు’ అన్న పేరే వచ్చింది. సముద్రమే లేని సీమ ఈ కథలో కనబడదు. నటాల్ జాబితాల్లో ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం జిల్లాల ముందు మన రెండు జిల్లాల పంక్తులు తక్కువే. కాని ఆ తక్కువ పంక్తులకు ఒక ప్రత్యేకమైన విలువ ఉంది.

ధాత సంవత్సరంలో, అంటే 1876-77లో వచ్చిన కరువును సీమ ధాత కరువుగా జ్ఞాపకం పెట్టుకుంది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనం నాలుగో వంతుకు పైగా తగ్గిపోయారు. కరువు పనుల్లో కూలివాడి గ్రాసాన్ని సర్ రిచర్డ్ టెంపుల్ రోజుకు పౌను ధాన్యానికి కుదించిన కాలమది. నటాల్‌కు 1866లో నిలిచిపోయిన కూలీల రవాణా 1874లో తిరిగి మొదలై ఉంది. మద్రాసు నుంచి రాయచూరు దాకా వేసిన రైలుమార్గం కోడూరు, రాజంపేట, కడప, ముద్దనూరుల మీదుగా 1871 నాటికే పూర్తయింది. కరువు వచ్చేసరికి కడప జిల్లా నడిబొడ్డు నుంచి మద్రాసు డిపోకు బాట సిద్ధంగా ఉందన్నమాట. కర్నూలు పట్టణానికి రైలు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఆ దశాబ్దపు నిరుపేదలు జనాభా లెక్కల్లో సంఖ్యలుగా మాత్రమే మిగిలారు. ఓడ ఎక్కినవాడికి మాత్రం పేరు, తండ్రిపేరు, ఊరు కాగితం మీద నిలిచాయి. సీమలో భూమిలేని కులాల మనిషి ఒక్కొక్కరుగా, పేరుతో కనిపించే పత్రాలు ఆ కాలానికి మనకు వేళ్లమీద లెక్కించదగినన్ని. అందులో ఇది ఒకటి.

ఐరిష్ జాబితాతో పోలిక

ఓడ జాబితాల ద్వారా పూర్వీకులను వెతకడం అమెరికాలోని ఐరిష్ సంతతివారిలో ఒక ప్రజావిద్యగా ఎదిగింది. 1845లో మొదలైన బంగాళాదుంపల కరువు లక్షలాది మందిని అట్లాంటిక్ దాటించింది. 1819 నాటి అమెరికా చట్టం ప్రకారం ప్రతి ఓడ నాయకుడూ ప్రయాణికుల జాబితాను రేవులో అప్పగించాలి. అందులో పేరు, వయసు, లింగం, వృత్తి, దేశం ఉండేవి. దేశం అన్నచోట చాలావరకు ‘ఐర్లండు’ అని మాత్రమే రాసేవారు. ఊరు ఉండేది కాదు. ఇంటివైపు ఆధారాలా అంటే, 1922లో డబ్లిన్ పత్రాగారం తగలబడినప్పుడు 1821 నుంచి 1851 వరకు జరిగిన జనాభా లెక్కల కాగితాలు చాలావరకు బూడిదయ్యాయి. కాబట్టి వెతికేవారు పేరును పట్టుకొని వేలాడవలసి వచ్చింది.

దాని ఫలితం ఆనీ మూర్ ఉదంతం. 1892 జనవరి 1న న్యూయార్కులో ఎల్లిస్ ద్వీపం వలస కేంద్రం తెరిచినప్పుడు మొదట అడుగుపెట్టినది కార్క్ నుంచి ‘నెవాడా’ ఓడలో వచ్చిన ఆనీ మూర్ అనే బాలిక. ఆమె తర్వాత టెక్సాసుకు వెళ్లి స్థిరపడిందని చాలా కాలం నమ్మారు, రాశారు. 2006లో తేలిందేమంటే, టెక్సాసు స్త్రీ అమెరికాలోనే పుట్టిన వేరే ఆనీ మూర్. అసలు ఆనీ న్యూయార్కు దాటి పోలేదు, 1924లో అక్కడే చనిపోయింది. పేరు ఒకటే, మనిషి వేరు. అంత ప్రసిద్ధమైన మనిషి విషయంలోనే ఇలా జరిగితే, ‘సుబ్బమ్మ, కడప జిల్లా’ అన్న పంక్తి విషయంలో ఏం జరగగలదో ఊహించవచ్చు.

ఐరిష్ జాబితాతో పోలిస్తే మన జాబితా ఎంతో వివరంగా ఉంటుంది. ఊరు ఉంది, తాలూకా ఉంది, తండ్రిపేరు ఉంది, మోకాటి మీది మచ్చ కూడా ఉంది. పరిశోధకుడు మురిసిపోవడం సహజమే. కాని ఆ వివరాలు ఎందుకున్నాయో ఆలోచించాలి. ఐరిష్ వలసదారు టిక్కెట్టు మీద వచ్చిన ప్రయాణికుడు, అతని ఒంటిమీది మచ్చతో రాజ్యానికి పని లేదు. ఒప్పందకూలీ అయిదేళ్లు ఒక యజమానికి కట్టుబడినవాడు. తోట వదిలి పారిపోతే పట్టి తేవాలి, చనిపోతే లెక్క తేల్చాలి. కాబట్టి మనిషిని పోల్చుకోవడానికి కావలసిన గుర్తులన్నీ రాసిపెట్టారు. మన ఆధారం ఎంత సమృద్ధంగా ఉందో ఆ మనిషి స్వేచ్ఛ అంత తక్కువగా ఉంది. ఈ గడులు కుటుంబం కోసం ఏర్పడినవి కావు. వంశవృక్షానికి అక్కరకొచ్చేది వాటిలో ఏదైనా ఉంటే అది యాదృచ్ఛికం.

ఇంటిపేరు

తెలుగు కుటుంబాన్ని గుర్తుపట్టేది ఇంటిపేరుతో. సీమలో ఏ కులంలోనైనా సంబంధం మాట వచ్చినప్పుడు మొదట అడిగేది ‘మీ ఇంటిపేరేమి?’ అనే. మాల మాదిగ కుటుంబాల్లోనూ ఇంటిపేర్లు తరతరాలుగా నిలిచి ఉన్నాయి. అవే వావివరుసలను నిర్ణయిస్తాయి. ఓడ జాబితాలో దానికి గడి లేదు. ఠాణా, జిల్లా అన్న మాటలు చూస్తేనే ఈ నమూనా ఉత్తరాది పరిపాలన నుంచి వచ్చిందని తెలుస్తుంది. తన పేరు, తండ్రిపేరు అనే జంట తమిళుల పేరుపద్ధతికి చక్కగా అమరింది. తెలుగువారికి మాత్రం అది వంశపు గుర్తును తుడిచివేసిన నమూనా అయింది. అప్పుడప్పుడు ఇంటిపేరు అసలు పేరుకు ముందు చేరి వచ్చినా, రాసినవాడు దానినీ పేరులో భాగమే అనుకున్నాడు. అక్షరక్రమంలో కూర్చిన సూచికలో అది ఎక్కడికో పోతుంది.

అటువైపు మరొక మార్పు జరిగింది. నటాల్‌లో బళ్లు, కోర్టులు, పెళ్లి నమోదులు వంశనామం అడిగాయి. లేనిచోట తండ్రిపేరో, తాతపేరో, కులబిరుదో వంశనామంగా స్థిరపడింది. నేడు డర్బన్‌లో నాయుడు, రెడ్డి, చెట్టి అన్నవి కుటుంబనామాలు. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ ఏర్పడేనాటికే ఇవి పాతబడ్డాయి. నాయుడు అన్న బిరుదు బలిజలకు, కమ్మలకు, వెలమలకు, కాపులకు కూడా ఉంది. దానిని పట్టుకొని కడప జిల్లాకు వచ్చి ‘నాయుడు వంశం’ కోసం విచారించేవారికి ఊళ్లో ఎవరూ జవాబు చెప్పలేరు. వెదికే నాలుగో తరం దగ్గర ఉన్నది ఇంటిపేరు కాని వంశనామం. ఊళ్లో మిగిలినవారి దగ్గర ఉన్నది జాబితాకు ఎక్కని ఇంటిపేరు. ఈ రెంటికీ నడుమ వంతెన వేయగలిగేది పేరు గడి ఒక్కటే. ఆ గడిని సరిగా చదవకపోతే మరో దారి లేదు.

జిల్లా గడి

దీనిని త్వరగా ముగించవచ్చు, కాని దాటవేయరాదు. జాబితాలోని కడప నేటి కడప కాదు. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు కడపలో ఉన్నవి. కదిరి కూడా ఆ ప్రాంతంలోనే అనంతపురానికి మారింది. 1858లో కర్నూలు జిల్లాను ఏర్పరచినప్పుడు కంభం, కోయిలకుంట్ల, మార్కాపురం కడప నుంచి, పత్తికొండ బళ్లారి నుంచి వచ్చి చేరాయి. మార్కాపురం 1970లో ప్రకాశం జిల్లాకు వెళ్లింది. బనగానపల్లె 1948 వరకు వేరే సంస్థానం. 2022లో నంద్యాల, అన్నమయ్య జిల్లాలు ఏర్పడ్డాక పటం ఇంకోసారి మారింది. డర్బన్ నుంచి వచ్చినవారు ‘కడప జిల్లా’ అన్న మాట పట్టుకొని కడప కలెక్టరు కచేరీ మెట్లెక్కితే, వారి ఊరు మదనపల్లె పక్కన ఉండవచ్చు. ఇంకో చిక్కు, జాబితాలోని జిల్లా కొన్నిసార్లు పుట్టిన జిల్లా కాక కూలికి కుదిరిన జిల్లా కావచ్చు. కరువుకాలంలో సీమ జనం మద్రాసు దారి పట్టినవారే. అక్కడ చేర్చుకున్నవాడిని అక్కడివాడుగానే రాసి ఉంటే, జాబితాలో మనకు కనిపించే సీమవారి కంటే నిజంగా వెళ్లిన సీమవారు ఎక్కువే అయి ఉండాలి. ఇది ఊహ మాత్రమే; కాని జిల్లాలవారీ పట్టికలను యథాతథంగా స్వీకరించేవారు దీనికి సమాధానం చెప్పుకోవాలి.

పేరు గడి

తెలుగు శాఖ పని నిజంగా మొదలయ్యేది ఇక్కడ.

తెలుగులో పదాదిని వచ్చే ఒ, ఓలకు ముందు వకారధ్వని, ఎ, ఏలకు ముందు యకారధ్వని పలుకుతాయన్నది విద్యార్థులకు కూడా తెలిసిన సంగతి. విన్నది విన్నట్లు ఇంగ్లీషులో రాసిన గుమాస్తా ఈ ధ్వనులను అక్షరాలుగా రాశాడు. ఒంటిమిట్ట నేటికీ ఇంగ్లీషు రాతలో ‘వి’ అక్షరంతో మొదలవుతుంది. ఎర్రగుంట్ల ‘వై’ అక్షరంతో మొదలవుతుంది. రైలు స్టేషను పలకల మీద రోజూ చూసే ఈ సంగతిని ఓడ జాబితాల దగ్గరికి వచ్చేసరికి మరచిపోతున్నాం. ఓబులేసు కోసం ‘ఓ’ కింద వెతికితే దొరకకపోవచ్చు. వొబులేసుగా ‘వి’ కిందనో, ‘డబ్ల్యు’ కిందనో ఉంటాడు. ఎల్లమ్మ, ఎంగన్న, ఎర్రన్న ‘వై’ కింద ఉంటారు. కంప్యూటరు సూచికల్లో మొదటి అక్షరం తప్పితే మనిషే తప్పిపోతాడు.

రాసినవాడు తమిళుడైతే ఇంకో పొర చేరుతుంది. గ-క, డ-ట, ద-త, బ-ప భేదాలు అతని లిపిలో లేవు. ఇంగ్లీషు లిపిలో ట-త, డ-ద, ల-ళ భేదాలు లేవు, హ్రస్వదీర్ఘాల తేడా లేదు. ఒక ఊరిపేరు ఈ రెండు జల్లెడల గుండా పోయాక కొత్తపల్లెనో కోటపల్లెనో తేల్చడం కష్టం. తేల్చినా, కొత్తపల్లెలు జిల్లాకు ఎన్ని లేవు? ఆత్మకూరు అన్న పేరు కర్నూలు సీమలోనూ ఉంది, నెల్లూరులోనూ ఉంది, అనంతపురంలోనూ ఉంది. గూడూరు కర్నూలు దగ్గరా ఉంది, నెల్లూరు దగ్గరా ఉంది. జిల్లా గడి స్పష్టంగా ఉంటే చిక్కు లేదు; అది ఖాళీగా ఉన్నప్పుడు అన్వేషకులు సాధారణంగా ఇష్టపడేది పెద్ద ఊరిని. పెద్ద ఊరు పటంలో కనబడుతుంది కాబట్టి. కూలికి వెళ్లినవాడు పటంలో కనబడే ఊరివాడై ఉండాలన్న నియమమేమీ లేదు.

ఊళ్ల విషయంలో మనకు రెండు మంచి సాధనాలున్నాయి. కేతు విశ్వనాథరెడ్డి ‘కడప ఊర్ల పేర్లు’ పరిశోధన ఒకటి. కథకుడిగా ఆయనను చదివినంతగా ఈ పరిశోధనను మనం వాడుకోలేదని నా అభిప్రాయం. గ్రామనామాల నిర్మాణాన్ని, ఉత్తరపదాలను వివరించే అటువంటి గ్రంథం చేతిలో ఉంటే, వంకర ఇంగ్లీషు రాత వెనుక ఉన్నది ‘కుంట్ల’నో, ‘గుంట’నో, ‘మడుగు’నో ఊహించడానికి శాస్త్రీయమైన ఆధారం దొరుకుతుంది. రెండోది కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నుంచి వెలువడిన కడప జిల్లా మెకంజీ కైఫియత్తులు. ఓడలు మొదలుకావడానికి అర్ధశతాబ్దం ముందటి ఊళ్లు, వాటి గుళ్లు, చెరువులు, శివారు పల్లెలు అందులో నమోదై ఉన్నాయి. తర్వాత పాడుబడిన ఊరు నేటి జాబితాలో ఉండదు, కైఫియత్తులో ఉండవచ్చు. ధాత కరువు తర్వాత అటువంటి ఊళ్లను వెతకవలసిన అవసరం ఎక్కువ.

ఇంతకంటే బలమైన ఆధారం మనుషుల పేర్లలోనే ఉంది. ఇంటిపేరుకు గడి ఇవ్వని జాబితా తెలియకుండానే కులదైవానికి గడి ఇచ్చింది. పల్లెజనం పిల్లలకు తమ ప్రాంతపు దేవుడి పేరు పెట్టుకోవడం తెలుగునాట ఆచారం. అప్పలస్వామి, అప్పలరాజు అన్న పేర్లు చూడగానే సింహాచలం అప్పన్న గుర్తుకొస్తాడు, విశాఖ ప్రాంతం కళ్లముందు నిలుస్తుంది. పెంచలయ్య, పెంచలమ్మ అంటే నెల్లూరు పెంచలకోన. అదే తీరున అహోబలం ఓబులమై, ఓబులేసు, ఓబన్న, ఓబయ్య, ఓబులమ్మ అయి కర్నూలు, కడపల మీద పరచుకుంది. మద్దిలేటి అన్న పేరు కర్నూలు సీమలోని మద్దిలేటి నరసింహుడిది. ఈరన్నలో ఉరుకుంద ఈరన్న ఉన్నాడు. కదిరప్ప, కదిరమ్మలు కదిరి నరసింహుడి పేరిటివారు. చెన్నకేశవులు, చెన్నయ్యలలో కొందరు మార్కాపురం వైపువారు కావచ్చు. సుంకన్న, సుంకులమ్మ పేర్లు సీమ గ్రామదేవతవి. ఇటువంటి పేర్ల భూగోళాన్ని తయారు చేసుకుంటే, జిల్లా గడి ఖాళీగానో తప్పుగానో ఉన్నప్పుడు పేరే దిక్సూచి అవుతుంది. తండ్రి మద్దిలేటి, కొడుకు ఓబన్న అయి, జిల్లా ‘మద్రాసు’ అని ఉంటే, ఆ జిల్లాను అనుమానించడానికి కారణం ఉంది.

దీనికి హద్దులున్నాయి. తిరుపతి వేంకటేశ్వరుడు, శ్రీశైలం మల్లన్న అందరివారు. వెంకటయ్య, మల్లయ్య పేర్లతో ఏ జిల్లానూ నిర్ణయించలేం. మొక్కుబడితో దూరపు దేవుడి పేరు పెట్టుకోవడమూ ఉంది. దైవనామం సంభావ్యతను పెంచుతుందే తప్ప రుజువు కాదు.

సీమకు ప్రత్యేకమైన మరో సంగతి దర్గాల పేర్లు. దస్తగిరి, హుసేనయ్య, మౌలాలి, ఫకీరప్ప అన్న పేర్లు కడప, కర్నూలు జిల్లాల్లో హిందువులకూ ఉన్నాయి. పీర్ల పండుగలో గుండం తొక్కే ఊళ్లలో ఇది వింత కాదు. దూదేకుల కుటుంబాల్లో తెలుగు పేర్లు ఉండడం కూడా అందరూ ఎరిగినదే. పేరును బట్టి మతాన్ని నిర్ణయించి లెక్కవేసే పద్ధతి ఇక్కడ రెండు వైపులా తప్పుతుంది. డిపో గుమాస్తా ఆ తప్పు చేసి ఉండవచ్చు. అతని తర్వాత నూరేళ్లకు కంప్యూటరు ముందు కూర్చున్నవాడు అదే తప్పును శాస్త్రం పేరుతో చేయగలడు.

పేరు చివరి భాగం కూడా చదవదగినదే. ఒకే మనిషి ఇంట్లో ఓబన్న, కరణం నోట ఓబిగాడు, గుడిలో అర్చనకు ఓబులేసు. డిపోలో పేరు చెప్పింది ఎవరు? తానే చెప్పాడా, వెంట తెచ్చిన మేస్త్రీ చెప్పాడా? ‘గాడు’ అని నమోదైన పేరు వెనుక ఆ సంభాషణ దాగి ఉంది. వంశాన్ని వెతికేవారు ‘గాడు’ను పేరులో భాగమనుకొని అదే రూపం కోసం ఊళ్లో విచారిస్తే దొరకదు. మనవలు తాతను ఓబిగాడని చెప్పుకోరు.

కులం, ఒళ్లు, స్త్రీలు

తొలి నటాల్ జాబితాల్లో కులం గడిలో ‘జెంటూ’ అన్న మాట కనిపిస్తుంది. మద్రాసు దొరల వాడుకలో అది తెలుగువారికి, తెలుగు భాషకు పేరు. ఒక భాషనే కులంగా రాశారన్నమాట. కనుక జెంటూ అని ఉన్న పూర్వీకుడు దొరికితే అతని కులం తెలిసినట్లు కాదు, తెలుగువాడని తెలిసినట్లు. తర్వాతి కాలంలో మాల, మాదిగ అన్న స్పష్టమైన తెలుగు కులనామాలు ఉండవలసినచోట తమిళనాటి పరయ కులనామాన్ని గంపగుత్తగా వాడడం పరిపాలనలో మామూలే. సీమలో బోయ కులం ఉంది. పల్లకి మోసే బోయీ అన్న వృత్తినామమూ ఉంది. ఇంగ్లీషు రాతలో ఈ రెంటి మధ్య ఒక అక్షరమే తేడా.

ఒంటిమీది గుర్తుల గడిని వంశాన్వేషకులు దాదాపు పట్టించుకోరు. మచ్చలు, గాయాలు మనవలకు సంక్రమించవు కదా అన్నది వారి భావం. కాని పచ్చబొట్టు విషయం వేరు. అది మచ్చలా దైవికం కాదు, ఎవరో కూర్చొని పొడిచిన రాత. చేతిమీద పచ్చబొట్టు ఉందని మాత్రమే గుమాస్తా రాసి, ఏ బొమ్మో, ఏ పేరో రాయకపోతే, చదవగలిగినవాడు చదవకుండా వదిలేసిన పాఠ్యమే అది.

స్త్రీల పంక్తులు ఇంకా కష్టం. ప్రతి 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలను పంపాలన్న నియమం ఉన్నందువల్ల డిపోల్లో జతలు కూర్చడం జరిగేది. జాబితాలో ‘భార్య’ అని ఉన్నంత మాత్రాన ఒకే ఊరినుంచి కలిసి బయలుదేరినవారని చెప్పలేం. ఊరు గడిలో ఉన్నది పుట్టినూరో మెట్టినూరో గడి చెప్పదు. తెలుగు స్త్రీ పుట్టింటి ఇంటిపేరు పెళ్లితో మారుతుంది. ఇక్కడ రెండూ లేవు. దక్షిణాఫ్రికా తెలుగు కుటుంబాల వంశవృక్షాలు పురుషుడి పంక్తి మీదుగానే ఎదగడానికి పితృస్వామ్యం ఎంత కారణమో, ఈ గడుల అమరిక అంత కారణం. కరువుకాలంలో ఒంటరిగా డిపో చేరిన సీమ స్త్రీని వెతకడానికి మనకు మిగిలేది మళ్లీ పేరే: ఓబులమ్మ, సుంకులమ్మ, ఎల్లమ్మ.

ఊరివైపు నుంచి

ఇంతవరకు చెప్పినదంతా జాబితా వైపు నుంచి. ఊరివైపున ఏముంది? భూమి ఉన్నవాడికి ఇనాం రిజిస్టర్లు, సెటిల్మెంటు రిజిస్టర్లు ఉన్నాయి. కూలికి వెళ్లినవాడికి భూమి లేదు. గ్రామ కరణాల దగ్గరి పాత కాగితాలు 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యాక చెల్లాచెదురయ్యాయి. మాల మాదిగ కుటుంబాల విషయంలో ఒక దారి మాత్రం తెరిచి ఉంది. నంద్యాల, ముత్యాలపాడు, జమ్మలమడుగు ప్రాంతాల్లో పనిచేసిన క్రైస్తవ మిషన్ల జ్ఞానస్నానపు పుస్తకాల్లో కుటుంబాలు ఊరితో సహా నమోదయ్యాయి. జాబితాలో కులం గడిలో ‘క్రిస్టియన్’ అని ఉన్నప్పుడు మొదట చూడవలసింది అక్కడ.

మౌఖిక ఆధారం సంగతి. పడమటి కర్నూలులో పనికోసం వెళ్లి తిరిగిరావడాన్ని సుగ్గికి పోవడం అంటారు. తిరిగిరానివాడి గురించి సీమలో వాడే మాట వేరు: దేశాలు పట్టిపోయినాడు. ఏ దేశమో చెప్పని మాట అది. బర్మాకో, నటాలుకో, మద్రాసు వీధులకో తేడా లేదు. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ నుంచి నేటి సీమ కథ దాకా కరువును రాసిన సాహిత్యం ఊళ్లో మిగిలినవాడి వైపు, నేటి కాలంలో నగరానికి వెళ్లినవాడి వైపు నిలబడింది. ఓడ ఎక్కినవాడు ఆ సాహిత్యంలో దాదాపు లేడు. వెళ్లినవారి నుంచి ఊరికి తిరిగొచ్చిన కబురు లేదు కనుక కథ కూడా లేదు. ఇది రచయితల లోపం కాదు. పరిశోధకులకు మాత్రం ఇది సాకు కారాదు.

ఇప్పుడు ఈ పని తొందర ఎందుకంటే, వెతికేవారు పెరుగుతున్నారు. 2017లో బెంగళూరులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ఒప్పందకూలీల సంతతికి విదేశీ భారత పౌర గుర్తింపు ఇచ్చే ఏర్పాటు గురించి ప్రకటన వచ్చింది. పూర్వీకుడి పంక్తి ఇక భావోద్వేగానికి మాత్రమే సంబంధించినది కాదు, కచేరీలో చూపవలసిన కాగితం కూడా. ఆ కాగితంలోని పేరును ఎలా చదవాలో చెప్పేవారు లేనప్పుడు, డబ్బు తీసుకొని ఊరు చూపించేవారు పుట్టుకొస్తారు. ఏదో ఒక ఆత్మకూరులో ఏదో ఒక పాత ఇంటి ముందు తీయించుకున్న ఛాయాచిత్రం ఒక కుటుంబానికి శాశ్వత సత్యమైపోతుంది.

పఠనం ఎలా సాగాలో ఒక కల్పిత ఉదాహరణతో చూపుతాను. జాబితాలో ఒక పంక్తి ఇలా ఉందనుకుందాం: పేరు వొబిగాడు, తండ్రి యెర్రన్న, వయసు 22, కులం బోయ, జిల్లా కర్నూలు, తాలూకా ఖాళీ, ఊరు కోటపల్లి, ఎడమ మోకాలి కింద మచ్చ. వొబిగాడు ఓబన్న కావచ్చు, ఓబులేసు కావచ్చు. అహోబలం పరిధి కనుక కర్నూలు జిల్లాతో పొసగుతుంది. పేరు, జిల్లా ఒకదానినొకటి బలపరుస్తున్నాయి, ఇంతవరకు గట్టిది. బోయ కులమా బోయీ వృత్తా అన్నది మూలప్రతిలో చివరి అక్షరం చూసి తేల్చాలి. ముద్రిత సూచికను నమ్మరాదు. కోటపల్లి కొత్తపల్లె కూడా కావచ్చు; కర్నూలు జిల్లా అంటే ఏ సంవత్సరపు కర్నూలు జిల్లా అన్నది ఓడ తేదీని బట్టి నిర్ణయించి, ఆ పరిధిలోని కోటపల్లెలను, కొత్తపల్లెలను అన్నిటినీ రాసుకోవాలి. వాటిలో బోయలున్నవి ఏవో, ఓబుల పేర్లు తరతరాలుగా తిరిగివస్తున్న ఇళ్లు ఏవో విచారించాలి. అదే ఓడలో పక్క పంక్తుల్లో అదే ఊరివారు ఎవరైనా ఉన్నారేమో చూడాలి. ఒక ఊరినుంచి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి ఉంటే, గుమాస్తా ఆ ఊరిపేరును ఇంకో పంక్తిలో ఇంకోలా రాసి ఉండవచ్చు, ఆ రెండో రాత మొదటిదాన్ని విప్పవచ్చు. ఇవన్నీ అయ్యాక కూడా రెండు ఊళ్లు మిగిలితే, వ్యాసంలోనూ, ఆ కుటుంబానికి రాసే ఉత్తరంలోనూ రెండు ఊళ్ల పేర్లూ రాయాలి.